కుక్క గుర్రుమంటే కొట్టకండి

మీలో చాలామంది రేపోమాపో మీ రోగిని తీసుకుని ఇంటికి వెళ్తారు. ఇంట్లో పెంపుడు కుక్క ఉన్నవారు ఈ నాలుగు మాటలు శ్రద్ధగా వినండి.

కొన్ని కుక్కలు తమ అన్నం గిన్నె దగ్గరికి, ఎముక దగ్గరికి, పడుకున్న చోటికి ఎవరినీ రానివ్వవు. ఎవరైనా వస్తే ఒళ్ళు బిగబట్టి, ఓరకంట చూసి గుర్రుమంటాయి. యజమాని మంచం ఎక్కి, మందులివ్వడానికి వచ్చినవారి మీదికి లేచేవీ ఉన్నాయి.

"మొండిది, నాలుగు తగిలిస్తే దారికొస్తుంది" అంటాం. చాలాసార్లు అది మొండితనం కాదు, తనది లాక్కుంటారనే భయం. గుర్రుమనడం కరిచే ముందు చేసే హెచ్చరిక. కొడితే భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత చప్పుడు చేయకుండానే కరవవచ్చు.

మరి ఏం చేయాలి?

1. కుక్కకు వేరుగా ఒక మూల అన్నం పెట్టండి. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు పిల్లలను దాని దగ్గరికి పోనివ్వకండి.

2. నోట్లోది లాక్కోకండి. కొంచెం దూరంగా ఎముక లేని మాంసం ముక్క వేయండి. అది వదిలి అటు వెళ్ళాక వస్తువు తీసేయండి. మంచం మీద నుంచి కూడా ఇలాగే పిలిచి దింపండి.

3. అది తింటుండగా పెద్దవారు ఒకరు, అది బిగుసుకోనంత దూరం నుంచి మంచి ముక్క ఒకటి విసిరి వెళ్ళిపోవాలి. కొన్ని వారాల్లో మెల్లగా దూరం తగ్గించాలి. మనిషి వస్తే పోయేది లేదు, వచ్చేదే ఉందని దానికి తెలుస్తుంది.

4. ఈ గుణం ఉన్నట్టుండి మొదలైనా, ఒకసారి కరిచినా పశువైద్యునికి చూపించండి. నొప్పి ఉన్నా ఇలా చేస్తాయి.

కరిస్తే "మన కుక్కే కదా" అని ఊరుకోకండి. రేబిస్ లక్షణాలు కనిపించాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం, పసరు పెట్టకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. కుక్కను 10 రోజులు చూసి వెళ్దామని ఆగకండి. ఒకప్పటిలా బొడ్డు చుట్టూ 14 సూదులు ఇప్పుడు లేవు. టీకాలు చేతికే వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యూనోగ్లోబులిన్ కూడా అవసరం కావచ్చు. డాక్టరు చెప్పిన తేదీలన్నిటికీ తప్పకుండా వెళ్ళండి.

మీ కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి. అది గుర్రుమంటే ఆగి, వెనక్కి జరగాలని ఇంట్లో పిల్లలకు ఈరోజే చెప్పండి.