తలకు ఆముదం – మేలెంత? భ్రమ ఎంత?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువుల గూర్చి, స్కాలర్‌షిప్పుల గూర్చి, పెళ్లి ఖర్చుల గూర్చి పెద్దలు మాట్లాడినారు. వాటి తర్వాత ఈ పంతులు లేచి తలనూనె గూర్చి మాట్లాడుతాడేమిటని మీలో కొందరు నవ్వుకోవచ్చు. నవ్వండి, తప్పు లేదు. కాని ఈ తలనూనె వల్లనే మా ఇంట్లో ఒక ఆడపిల్లకు జీవితమంతా మిగిలిపోయే నష్టం జరిగింది. నూనె చెడ్డదై కాదు. నూనె చేయలేని పనిని దానికి అప్పగించి మేము చేతులు కట్టుకుని కూర్చున్నందుకు. ఆ సంగతి చివర చెబుతాను. ముందు మన ఆముదం గూర్చి నాలుగు మాటలు.

కల్వకుర్తి మనిషికి ఆముదం కొత్త కాదు. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ఎర్ర చెలకల్లో, నీటి ఆధారం లేని చోట, మన తాతల కాలం నుంచి పండిన పంట ఇది. మన పక్కనే పాలెంలో ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచే క్రాంతి, హరిత వంటి ఆముదపు రకాలు వచ్చినవి. 1977లో రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధనకు ఒక కేంద్ర సంస్థనే నెలకొల్పినారు. తర్వాత మన చెలకల్లో పత్తి పెరిగి ఆముదం తగ్గింది. ప్రపంచంలో పండే ఆముదాల్లో అత్యధిక భాగం మన దేశానిదే. అందులో పెద్ద వాటా గుజరాత్‌ది. ఆ నూనెలో చాలా భాగం తలకు పోదు. సబ్బులకు, రంగులకు, యంత్రాలకు, ఒక రకం నైలాను తయారీకి పోతుంది.

మా దాదీమా ఇంట్లోనే వంటాముదం తీసేది. ఆముదాలను వేయించి, రోట్లో దంచి, ఆ ముద్దను నీళ్లలో వేసి గంటల తరబడి ఉడికించేది. పైకి తేలిన నూనెను గరిటెతో తీసి, తడి ఇగిరేదాకా మళ్లీ కాచేది. అది ఊరికే చేసిన చాకిరీ కాదు. ఆముదం గింజలో రైసిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. ఆ విషం నూనెలోకి రాదు, పిప్పిలోనే ఉండిపోతుంది. బాగా ఉడికితే విరిగిపోతుంది కూడా. దాదీమాకు రైసిన్ పేరు తెలియదు గాని పద్ధతి తెలుసు. కాబట్టి తల్లులారా, నూనెతో భయం లేదు గాని, గింజలు మాత్రం పిల్లల చేతికి అందనీయకండి. నమిలి మింగితే ప్రాణాపాయం.

ఇక అసలు ప్రశ్న. ఆముదం పెడితే వెంట్రుకలు మొలుస్తాయా?

దీనికి జవాబు తెలియాలంటే వెంట్రుక అంటే ఏమిటో తెలియాలి. మన తల మీద సుమారు 1 లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకు 50 నుంచి 100 దాకా రాలడం సహజం. ఒక్కొక్క వెంట్రుక 2 నుంచి 6 ఏండ్లు పెరిగి, కొన్ని నెలలు ఆగి, రాలిపోతుంది. అదే కుదురులో కొత్తది మొలుస్తుంది. పెరుగుదల నెలకు సుమారు 1 సెంటీమీటరు. చర్మం దాటి బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. గోరు కొస ఎట్లాంటిదో అదీ అట్లాంటిదే. అందుకే కత్తిరిస్తే నొప్పి ఉండదు. ప్రాణమున్నది లోపలి కుదురులో. ఆ కుదురుకు తిండి రక్తం ద్వారా అందుతుంది. అనగా మనం తినే అన్నం ద్వారా, నూనె సీసా ద్వారా కాదు.

నూనె పని చేసేది బయటికి వచ్చిన ఆ భాగం మీద. అక్కడ మంచి పనే చేస్తుంది, కాదనను. తడిసిన వెంట్రుక నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరితే కుంగుతుంది. ఈ ఉబ్బడం కుంగడంలో, దువ్వెన రాపిడిలో అది పెళుసుబారి తెగుతుంది. నూనె ఆ దెబ్బను తగ్గిస్తుంది. 2003లో ఖనిజ నూనె, పొద్దుతిరుగుడు నూనె, కొబ్బరినూనె ఈ మూడింటిని పోల్చి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. వెంట్రుకలోని మాంసకృత్తి పోకుండా ఆపింది కొబ్బరినూనె ఒక్కటే అని తేలింది. కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్ననిది గనుక వెంట్రుక లోపలికి దూరగలదు. ఆ పరిశోధన చేసినవారు కొబ్బరినూనె అమ్మే కంపెనీ వారేనని కూడా చెప్పడం న్యాయం. అయినా కారణం శాస్త్రసమ్మతంగానే ఉంది.

ఆముదం సంగతి వేరు. అందులో 85 నుంచి 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లం. అందువల్లనే అంత చిక్కదనం. అది వెంట్రుక మీద పొరలా నిలిచి నిగనిగలాడిస్తుంది, తడి ఆరకుండా ఆపుతుంది. ఎండిన, పీచుబారిన జుట్టుకు మేలే. కాని అది కుదురును లేపి కొత్త వెంట్రుకను మొలిపిస్తుందనడానికి గట్టి రుజువు ఇంతవరకు లేదు. 2022లో అంతకు ముందు వచ్చిన పరిశోధనలన్నింటినీ ఒకచోట చేర్చి చూసిన వైద్యులు కూడా ఇదే మాట రాసినారు. నిగారింపుకు కొద్దిపాటి ఆధారం ఉంది, మొలకకు గట్టి ఆధారం లేదు. ఇంకొక జాగ్రత్త. 2017లో మన దేశంలోనే ఒక యువతి పొడుగు జుట్టుకు ఆముదం, కొబ్బరినూనె కలిపి పెట్టుకుని తలస్నానం చేస్తే, జుట్టంతా రాయిలాగ ముద్దకట్టి, విడదీయరాక కత్తిరించవలసి వచ్చిందని వైద్య పత్రికలో వచ్చింది. ఇట్లా జరగడం అరుదే. అయినా పొడుగు జుట్టున్నవారు చిక్కటి ఆముదం గుప్పెళ్లతో దట్టించవద్దు.

మరి “మా ఖాలాకు ఆముదంతోనే వచ్చినయి” అని ఇంటింటా చెబుతారు కదా, వాళ్లంతా అబద్ధమాడుతున్నారా? లేదు. నిజమే చెబుతున్నారు, కారణం మాత్రం వేరు. టైఫాయిడ్ వంటి పెద్ద జ్వరం వచ్చిపోయిన 2, 3 నెలలకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంది. కాన్పు తర్వాత కూడా అంతే. 2020, 2021లో కరోనా వచ్చినవారిలో ఎందరో దీనిని చూసినారు. మరో ఆరు నెలల్లో అది తనంతట తానే తిరిగి వస్తుంది. ఆ మధ్యలో ఆముదం పెట్టినవారు ఆముదంతో వచ్చిందంటారు. ఏమీ పెట్టనివారికీ వచ్చింది గాని, వారిని అడిగేవారు లేరు.

పేనుకొరుకుడు కూడా ఇట్లాంటిదే. తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడిపోతుంది. పురుగు కొరికిందని మనవాళ్లంటారు. యునానీలో దీనిని దాఉస్సఅలబ్, అనగా నక్క జబ్బు అంటారు. పేనూ లేదు, పురుగూ లేదు. మన ఒంటి రక్షణశక్తే పొరపాటున మన కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వచ్చేది ఇది. చిన్న మచ్చయితే చాలామందిలో కొన్నాళ్లకు దానంతటదే నిండుతుంది. దాని మీద ఉల్లిపాయ రుద్దినవారు ఉల్లిపాయను, ఆముదం రుద్దినవారు ఆముదాన్ని మెచ్చుకుంటారు. మచ్చలు పెరుగుతుంటే మాత్రం వైద్యుడి దగ్గరికి పోవలసిందే.

చుండ్రు సంగతి తలకిందులు. చుండ్రు ఉన్న తలలో మలసీజియా అనే బూజు జాతి సూక్ష్మజీవి ఉంటుంది. దాని తిండే కొవ్వు. చుండ్రు ఉంది, తల ఎండింది అని రోజూ నూనె దట్టించడం దొంగకు అన్నం పెట్టి ఇంట్లో ఉంచుకున్నట్టు. కీటోకొనజోల్ ఉన్న షాంపూతో వారానికి రెండుసార్లు, 5 నిమిషాలు నురగ ఉంచి కడిగితే చాలామందికి తగ్గుతుంది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. నేను కొత్తగా బడిపంతులునైన రోజులు. మా చెల్లెలి బిడ్డకు ఎనిమిదేండ్లు. తలలో ఒకచోట పొలుసులు లేచి, వెంట్రుకలు మొదట్లోనే తెగి, తర్వాత మెత్తగా వాచి చీము పట్టింది. ఇంట్లో పెద్దలు, “ఏం కాదు, ఆముదంల పసుపు కలిపి పెట్టుర్రి, ఎంటికలు మల్ల ఒస్తయి” అన్నారు. రెండు నెలలు అట్లాగే పెట్టినాము. సైన్సు చెప్పే పంతులును, నేనూ నోరు మెదపలేదు. పెద్దల మాటకు ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నాను. చివరకు జ్వరం వస్తే పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోయినాము. డాక్టరమ్మ చూసి, “ఇది తలలో వచ్చే తామర. వెంట్రుక కుదుళ్లలోకి దిగింది. పైపూతలతో పోదు, మాత్రలు మింగాలి. ఇన్నాళ్లు ఏం చేసినారు?” అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. 6, 8 వారాలు మాత్రలు వాడితే జబ్బు పోయింది. కాని చీము పట్టిన చోట కుదుళ్లు చచ్చి మచ్చ మిగిలింది. అక్కడ మళ్లీ ఒక్క వెంట్రుక రాలేదు.

ఆ పిల్ల పెరిగింది, పెళ్లయింది, ఇప్పుడు తల్లి కూడా. పెళ్లిచూపులకు ముందు ఒకసారి, “మామూ, ఇది వాళ్లకు చెప్పాల్నా, వద్దా?” అని నన్ను అడిగింది. చెప్పమన్నాను. చెప్పినందుకు ఒక సంబంధం తప్పిపోయింది. నేటికీ ఆడవాళ్ల మధ్య కూర్చున్నా ఆమె దుపట్టా తల మీద నుంచి జారనీయదు. దానిని చూసినప్పుడల్లా నాకు ఆ రెండు నెలలే గుర్తుకు వస్తాయి.

“ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం” అని మన సామెత. దవాఖానా లేని కాలంలో ఆముదం మన మహావృక్షమైంది. పెద్దలను తప్పుపట్టను, వారికి ఉన్నది అదే. కాని నేడు ఊళ్లోనే ప్రభుత్వ దవాఖానా ఉంది. 2016లో నాగర్‌కర్నూలు జిల్లా అయింది. యునానీ మీద నమ్మకమున్నవారికి హైదరాబాదు ఎర్రగడ్డలో చర్మవ్యాధుల కోసమే జాతీయ యునానీ పరిశోధనా సంస్థ ఉంది. ఇన్ని చెట్లుండగా ఇంకా ఆముదపు చెట్టు నీడకే పోతామంటే ఎట్లా?

మన మతం మాట కూడా చెప్పాలి. జుట్టు ఉన్నవారు దానిని మర్యాదగా చూసుకోవాలనే భావం గల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. రోగానికి మందు చేయించుకోవాలని కూడా మన ప్రవక్త (స) బోధించినారు. కలోంజీ గూర్చి హదీసు ఉన్నది నిజం. అయితే ఆ హదీసును సీసా మీద అచ్చువేసి, 30 రోజుల్లో బట్టతల పోతుందని వందల రూపాయలకు అమ్ముకునేవాని మాట హదీసు కాదు, బేరం. మన దేశపు మందుల నిబంధనల్లో, ఏ మందైనా నయం చేస్తుందని చెప్పుకోగూడని జబ్బుల పట్టిక ఒకటి ఉంది. దానిని జె షెడ్యూల్ అంటారు. అందులో బట్టతల పేరు, కొత్త వెంట్రుకలు మొలిపించడం అనే మాట స్పష్టంగా ఉన్నాయి. మగవారి బట్టతల చాలావరకు వంశం నుంచి, హార్మోను నుంచి వచ్చేది. 1988లో అమెరికాలో అనుమతి పొందిన మినాక్సిడిల్ పూత కొందరికి కొంత పని చేస్తుంది, ఆపితే ఆ మేలు పోతుంది. 2015లో ఇరాన్‌లో 100 మంది మీద రోజ్‌మేరీ తైలాన్ని ఆ మందు 2 శాతం పూతతో పోల్చినారు. ఆరు నెలలకు రెండూ ఇంచుమించు సమానమని తేల్చినారు. ఆశ కలిగించేదే గాని, ఏ మందూ వాడనివారితో పోల్చి చూడలేదు గనుక అప్పుడే తీర్పు చెప్పరాదు.

కడపట నా మనవి నాలుగు మాటల్లో.

ఒకటి. నూనె పెట్టుకోండి. ఆముదం ఒక వంతుకు కొబ్బరినూనె రెండు మూడు వంతులు కలిపి, స్నానానికి గంట ముందు పలచగా పట్టించి, కడుక్కోండి. పసిపిల్లల మాడుకు రాయండి, కాని ముక్కులో, చెవిలో పోయకండి. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

రెండు. ఆడపిల్లకు జుట్టు పలచబడుతుంటే సీసా కొనే ముందు రక్తపరీక్ష చేయించండి. రక్తహీనత, థైరాయిడ్ లోపం జుట్టు ద్వారా బయటపడతాయి. పిల్లకు పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి. రక్తం తక్కువైతే డాక్టరు చెప్పిన ఇనుము మాత్రలు మింగించండి. వంటింట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే పిల్లకు ఎంత నూనె పెట్టినా ఏం లాభం?

మూడు. తలలో పొలుసులు, చీము, తెగిన వెంట్రుకలు, దురద కనబడితే వారంలోగా దవాఖానాకు తీసుకుపోండి. ఇంటి వైద్యానికి గడువు వారమే, రెండు నెలలు కాదు.

నాలుగు. ఇది సంఘం వారికి. తలతామర దువ్వెనల ద్వారా, టోపీల ద్వారా, తువాళ్ల ద్వారా అంటుతుంది. హాస్టలులో ఉండి చదివే పిల్లలకు, మదరసా పిల్లలకు తలా ఒక దువ్వెన, తలా ఒక టోపీ ఇప్పించండి. మసీదుల్లో అందరికోసం బుట్టలో ఉంచే టోపీలను వారానికొకసారి వేడినీళ్లలో ఉతికించండి. ఏడాదికొకసారి పిల్లల తలలు చూపించే వైద్యశిబిరం పెట్టండి. మన సంఘం చేస్తున్న పెద్ద పనుల ముందు ఇది చిన్న ఖర్చు.

“ఒళ్లంతా నూనె రాసుకుని పొర్లినా అంటేదే అంటుతుంది” అన్నారు పెద్దలు. ఈ గంటసేపు నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట మీకు అంటుకున్నా చాలు. నూనె ఉన్న జుట్టును కాపాడుతుంది, లేని జుట్టును తేలేదు. ఇంటికి పోయి ఈ రాత్రి మీ పిల్లల తలలను ఒకసారి దీపం వెలుతురులో పాయ తీసి చూడండి. నేను అప్పుడు చూడవలసినంతగా చూడలేదు.