గరాజులో దూరింది ఏ ఎలుక?



ఏప్రిల్ వచ్చి చలిగాలి మొదలైందంటే చాలు, మెల్‌బోర్న్ పడమటి శివార్లలోనూ, సిడ్నీలో బ్లాక్‌టౌన్ వైపునా మనవాళ్ల ఇళ్లలో ఒకటే గోల. గరాజులో పెట్టిన సోనా మసూరి బస్తాకు కన్నం పడిందని. కోతలైపోయాక పొలం ఎలుకలు ఇళ్లమీద పడ్డాయని అనుకుంటాం. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఈ దేశంలో ఎలుకలన్నీ ఒక్క జాతి కాదు. బోను పెట్టేముందు ఆ తేడా తెలియాలి.

పిల్లల బొమ్మల పుస్తకాల్లో గోధుమ కంకి పట్టుకుని వేలాడే బుల్లి ఎలుకను చూసే ఉంటారు. హార్వెస్ట్ మౌస్ అంటారు దాన్ని. ఆరేడు గ్రాముల బరువు, కాడను చుట్టి పట్టుకునే తోక, గడ్డి పోచలతో అల్లుకున్న గూడు. యూరప్ నుంచి జపాన్ దాకా కనిపిస్తుంది. అమెరికా ఖండాల్లో అదే పేరుతో ఇరవైకి పైగా జాతులున్నాయి, అయితే వాటికీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు. ఇద్దరికీ కాపురం గడ్డిలోనే కాబట్టి పోలికలు కలిశాయి, అంతే. ఆస్ట్రేలియాలో మాత్రం ఈ రెండు రకాలూ లేవు. ఆ బతుకు బతికేది ఇక్కడ ఉత్తరాన, క్వీన్స్‌లాండ్ తీరాన ఉండే గ్రాస్‌లాండ్ మెలోమిస్. హార్వెస్ట్ మౌస్ కన్నా చాలా పెద్దది. ఎత్తయిన గడ్డిలో, చెరకు తోటల్లో ఎగబాకుతుంది, గడ్డితో గుండ్రటి గూడు అల్లుతుంది. చెరకు రైతు దాన్ని తిట్టుకుంటాడు గానీ, అది ఈ నేలకు పరాయిది కాదు.

కంగారూల దేశంలో స్వదేశీ ఎలుకలేమిటని అనుకునేరు! ఇక్కడి స్థానిక క్షీరద జాతుల్లో దాదాపు నాలుగో వంతు ఎలుక కులానివే. సుమారు యాభై లక్షల ఏళ్ల కిందట ఉత్తరాన ఉన్న దీవుల మీదుగా వచ్చి ఖండమంతా పరుచుకున్నాయి. ఎడారిలో స్పినిఫెక్స్ గంతుల ఎలుక ఉంది. నీళ్లు తాగకుండానే బతికేస్తుంది, తిండి నుంచి వచ్చే తేమే దానికి చాలు. పశ్చిమాన పిల్బరాలో పన్నెండు గ్రాముల ఎలుక ఒకటి తన బరువులో సగం దాకా ఉండే గులకరాళ్లను నోట కరచుకొచ్చి, బొరియ చుట్టూ గుట్ట పోస్తుంది. ఆ గుట్టలు కొన్ని చదరపు మీటర్ల మేర ఉంటాయి.

సిడ్నీవాళ్లు తెలుసుకోవలసింది న్యూ హాలండ్ మౌస్ గురించి. 1843లో శాస్త్రవేత్తలు పేరు పెట్టారు. తర్వాత కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1967లో సిడ్నీకి ఉత్తరాన కురింగై చేజ్ నేషనల్ పార్కులో మళ్లీ దొరికింది. అన్నాళ్లూ దాన్ని ఎవరూ గుర్తుపట్టకపోవడంలో వింతేమీ లేదు. చూపుకు అచ్చం మన గరాజు ఎలుకలాగే ఉంటుంది మరి.

తేడా ఎక్కడంటే, గరాజు ఎలుక పై పళ్ల వెనకవైపు చిన్న నొక్కు ఉంటుంది, స్వదేశీ దానికి ఉండదు. గరాజు ఎలుక దగ్గర ముక్క వాసన కొడుతుంది. అన్నిటికన్నా పెద్ద తేడా చన్నుల్లో ఉంది. స్వదేశీ ఆడ ఎలుకకు నాలుగే, గరాజు దానికి పది. నాలుగు చన్నుల తల్లి ఈతకు మూడో నాలుగో పిల్లల్ని పెంచుతుంది. పది చన్నుల తల్లి ఇరవై రోజులకోసారి, ఆరు నుంచి పది పిల్లల్ని పెట్టగలదు. ఈనిన రెండు మూడు రోజులకే మళ్లీ చూలు కడుతుంది. ఆ పిల్లలు ఆరు వారాలకే తల్లులవుతాయి. ఒక్క జంట సంతతి ఒక్క సీజన్లో 500 దాటగలదని లెక్క.

ఈ పది చన్నులది యూరపు ఓడల్లో వచ్చిన ఇంటి ఎలుక. గోధుమ పొలాలు దానికి అత్తారిల్లయ్యాయి. వానలు బాగా కురిసి పంట విరగ పండిన ఏడాది దండు కడుతుంది. 2021లో న్యూ సౌత్ వేల్స్‌లో జరిగింది అదే. వెల్లింగ్టన్ జైల్లో కరెంటు తీగలు కొరికేస్తే, ఖైదీలను వేరే జైళ్లకు తరలించాల్సి వచ్చింది. బ్రోమడయోలోన్ అనే ఘాటు మందు పొలాల్లో చల్లనివ్వమని రాష్ట్ర ప్రభుత్వం అడిగితే, పురుగుమందుల నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. మందు తిన్న ఎలుకను గుడ్లగూబ తింటే ఆ విషం గుడ్లగూబకూ ఎక్కుతుంది. నా మటుకు అది సరైన నిర్ణయం. మందుకు స్వదేశీ, పరాయి తేడా తెలియదు. యూరపువాళ్లు స్థిరపడిన 1788 తర్వాత ఈ దేశం పోగొట్టుకున్న క్షీరద జాతుల్లో 41 శాతం స్వదేశీ ఎలుకలే. పిల్లులు, నక్కలు, పొలాల కోసం కొట్టేసిన అడవులు ఇప్పటికే చాలా చేశాయి, మన విషం కూడా తోడవ్వాలా?

ఇక ఆరోగ్యం సంగతి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి నాట్లేసేవాళ్లకు ఎలుక జ్వరం తెలుసు. లెప్టోస్పైరోసిస్ అంటారు డాక్టర్లు. ఎలుక మూత్రంలోని క్రిమి కాలి పగుళ్లలోంచో, చేతి గాయంలోంచో, కంట్లోంచో ఒంట్లోకి దిగుతుంది. అది ఇక్కడా ఉంది. 2018లో న్యూ సౌత్ వేల్స్ ఉత్తర తీరంలో రాస్ప్‌బెర్రీ తోటల కూలీలకు ఇది సోకింది. సెలవుల్లో పళ్లు కోసే పనికి వెళ్లే మన విద్యార్థులు గ్లవుజులు తొడుక్కోవాలి, గాయాలకు తడి తగలని పట్టీ వేసుకోవాలి, చేతులు కడుక్కోకుండా ఏమీ తినకూడదు.

ఇంట్లో అయితే పెంటికలు కనబడగానే చీపురు తీయకండి. పొడిగా ఊడిస్తే దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి, కాసేపు నాననిచ్చి, గ్లవుజులతో తుడవండి. పెన్సిలు పట్టే సందు ఉంటే చాలు, ఎలుక దూరేస్తుంది. అలాంటి సందుల్లో స్టీల్ పీచు కుక్కండి. బియ్యం, పప్పులు మూతబిగి డబ్బాల్లో పోయండి. విషం బిళ్లల కన్నా బోను మేలు. మీ ఇల్లు అడవి అంచున ఉంటే ప్రాణంతో పట్టే బోనే పెట్టండి. మూతి కోసుగా, పొడుగ్గా ఉన్నది పడితే అది ఎలుకే కాదు, ఆంటీకైనస్ అనే సంచిజంతువు కావచ్చు. చట్టం దానికి రక్షణ ఇచ్చింది, చంపకూడదు.

పొలం పనికో, తోట పనికో వెళ్లొచ్చిన కొద్దిరోజులకు తీవ్రంగా జ్వరం, తలనొప్పి, పిక్కల నొప్పులు, కళ్లెరుపు వస్తే ఫ్లూ అని ఊరుకోకండి. ఎక్కడ పనిచేశారో, ఎలుకలు తిరిగే చోటో కాదో డాక్టరుకు ముందే చెప్పండి. త్వరగా కనిపెడితే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది. ఆలస్యమైతే కాలేయానికీ, మూత్రపిండాలకూ ముప్పు.