గినీ పిగ్ ఊపిరి చప్పుడు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, ఎక్కడైనా సరే, మీ ఇంట్లో గినీ పిగ్ ఉంటే ఈ నాలుగు మాటలు మీకోసమే.

కొత్తిమీర కట్ట విప్పగానే అది కీచుమంటుంది. ఒళ్లో పెట్టుకుని నిమిరితే గురగురలాడుతుంది. ఆ చప్పుళ్లకు భయపడక్కర్లేదు. ఊరికే కూర్చున్నప్పుడు కూడా ప్రతి ఊపిరికీ టిక్కుటిక్కుమనో, ఈల వేసినట్టో వినిపిస్తే మాత్రం అనుమానించాలి. ముందరి కాళ్లు పట్టి చూడండి. కారే ముక్కును వాటితోనే తుడుచుకుంటుంది కాబట్టి లోపలివైపు బొచ్చు అట్టకట్టి ఉంటుంది.

గినీ పిగ్ ముక్కుతోనే ఊపిరి తీసుకునే జీవి. నోరు తెరిచి రొప్పుతోందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. న్యుమోనియాకు తరచుగా కారణం బోర్డెటెల్లా బ్యాక్టీరియా. కుందేళ్లు, కుక్కలు ఏ జబ్బూ కనబడకుండానే దాన్ని మోస్తుంటాయి. అందుకే కుందేలునూ దీన్నీ ఒకే బోనులో పెంచడం నాకు సుతరామూ నచ్చదు. రంపంపొట్టు దుమ్ము, తడి పరుపు నుంచి లేచే అమోనియా ఘాటు కూడా చేటే.

మందుల షాపులో అమాక్సిసిలిన్ సిరప్ కొని పట్టించకండి. పెన్సిలిన్ జాతి మందులు దాని పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపి ప్రాణం తీయగలవు. ఇక మేత సంగతి: మనలాగే దాని ఒంట్లోనూ విటమిన్ సి తయారవదు, రోజూ కాస్త క్యాప్సికం పెట్టండి.

మేత మానేస్తే తెల్లారేదాకా ఆగొద్దు. ఉమ్మడి వరంగల్ వాళ్లకు మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగండి. బయల్దేరే ముందు ఆ ఊపిరి చప్పుడును ఫోన్‌లో రికార్డు చేసుకోండి. డాక్టరు బల్ల మీద బెదిరిపోయి అది జబ్బును దాచేస్తుంది.