నాటకపాత్రలు – ప్రేక్షకుల పక్షపాతము



భరతముని నాట్యశాస్త్రమున మొదటి అధ్యాయమందే ఒక తగవు కలదు. బ్రహ్మ నాట్యవేదమును సృజించి భరతుని కొసగెను. భరతుడు దానిని తన నూర్గురు కుమారులకు నేర్పెను. ఇంద్రధ్వజోత్సవమునాడు తొలి ప్రదర్శనము జరిగెను. ఇతివృత్తము దేవతలు దానవులను జయించిన వృత్తాంతము. దేవతలు పరమానందభరితులై నటులకు ఒకరిని మించి ఒకరు కానుకలిచ్చిరి. అయితే ఆ సభలోనే దైత్యులును కూర్చుండియుండిరి. తమ యోటమిని తమ కన్నులయెదుటనే ఆడి చూపుచుండగా వారికి సహింపరాని కోపము కలిగెను. విరూపాక్షుడు మొదలగువారు విఘ్నములను పురికొల్పి, నటుల మాటను, నడకను, జ్ఞాపకమునుగూడ స్తంభింపజేసిరి. ఇంద్రుడు ధ్వజదండమును పెరికి వారిని మోదెను. అంతటితోనైనను తగవు తీరలేదు. విశ్వకర్మ నాట్యగృహము నిర్మింపవలసివచ్చెను. దానికి మూలమూలను దేవతలు కావలి కాయవలసివచ్చెను.

అప్పుడు బ్రహ్మ దైత్యులను పిలిచి కారణమడిగెను. విరూపాక్షుని సమాధానము శ్రద్ధగా వినదగినది. నీవు దేవతలకెట్లో మాకును అట్లే పితామహుడవు గదా, వారి కోరికపై మాకు అవమానకరమైన దీనిని చేయుట నీకు తగునా యని అతడు ప్రశ్నించెను. బ్రహ్మ కోపింపలేదు. నాట్యము ఒక్క దేవతలదియు కాదు, ఒక్క దైత్యులదియు కాదనియు, మూడు లోకముల భావములను అనుకరించునదనియు, ఉభయుల మంచిచెడ్డలును అందు కలవనియు బోధించెను.

దేవతలు చూచినదియు, దైత్యులు చూచినదియు ఒక్కటే ఆట. ఒక పక్షమువారు కానుకలు తీసిరి, వేరొక పక్షమువారు కయ్యమునకు దిగిరి. పాత్రను కవి సగమే చేయును. తక్కిన సగమును చూచువాని మనస్సు చేయును. ఈ సంగతి నాట్యశాస్త్రకర్తకు లెస్సగా తెలియును. ఇరువదియేడవ అధ్యాయమున ప్రేక్షకులనుగూర్చియే ఆయన విపులముగ వ్రాసెను. పాత్ర సంతోషించినచో తానును సంతోషించువాడు, దుఃఖించినచో దుఃఖించువాడు ఉత్తమప్రేక్షకుడనెను. యువకులు శృంగారమును, ధనార్థులు ధనప్రసంగమును, శూరులు వీరరౌద్రములను, వృద్ధులు పురాణగాథలను మెత్తురని అంగీకరించెను. చిరునవ్వు, పెద్దనవ్వు, సాధువాదము, అయ్యోయను నిట్టూర్పు, ఆసనమునుండి లేచుట, వస్త్రముగాని ఉంగరముగాని విసరుట – ఇవన్నియు నాటకసిద్ధికి గుర్తులట. నటులపై పేడయు మట్టిగడ్డలును చీమలును విసరుటను విఘ్నములలో చేర్చెను. దీనినిబట్టి మన పూర్వులు నాటకశాలలో చేతులు కట్టుకొని కూర్చున్నవారు కారని స్పష్టము.

తెలుగునాట పద్యనాటకములు తెల్లవార్లు ఆడినకాలమున వన్స్‌మోర్ అను కేక వినబడని పందిరి లేదు. చనిపోయిన పాత్ర లేచి, పద్యము మరల పాడి, మరల చనిపోయిన ఉదంతములను పెద్దలు నవ్వుచు చెప్పుకొందురు. దానిని మోటుతనమని ఈసడించు పండితులు కలరు గాని, ఆ కేక వేసినవాడు చావు నిజము కాదని యెరిగియే వేసెను. పద్యమునకు కన్నీరు కార్చినవాడును అతడే. ఈ రెండును ఒక్క మనస్సులో ఇముడుటయే రసికత.

ఇంతకును ప్రేక్షకుని ప్రేమ ఏ పాత్రపై ప్రసరించును? ధర్మాత్మునిపై నని పలువురు తలతురు. అనుభవము అట్లు చెప్పుట లేదు. ఇందుకు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును మించిన తార్కాణము లేదు. అది 1892లో విజయనగరమున తొలుత ప్రదర్శింపబడెను, 1897లో అచ్చుపడెను, 1909లో మిక్కిలి పెరిగి రెండవ కూర్పుగా వెలువడెను. అందు గిరీశమెట్టివాడు? పూటకూళ్లమ్మ అన్నము తిని ఆమె సొమ్మునే కాజేసినవాడు. శిష్యునకు చదువు చెప్పెదనని అగ్రహారముచేరి, ఆ యింటి విధవాడపడుచును లేవదీసికొనిపోయినవాడు. సంస్కరణమును ఉపన్యాసమునకును, స్త్రీలను మోసగించుటకును తప్ప మరి దేనికిని వాడనివాడు. సౌజన్యారావుపంతులు అట్లు గాక, చెప్పినదానిని చేయునట్టి సజ్జనుడు. అయినను ఏ యూరనైనను అడుగుడు: గిరీశము మాటలు పది చెప్పగలవారు కలరు, సౌజన్యారావు మాట ఒక్కటి చెప్పగలవాడు అరుదు. 1955లో కన్యాశుల్కము చలనచిత్రముగా వచ్చినప్పుడు కథానాయకుడుగా పేరుమోసిన నందమూరి తారకరామారావుగారే గిరీశము వేషము ధరించిరి.

జనులు దుర్మార్గమును మెచ్చుచున్నారని దీనికి అర్థము చెప్పుట తొందరపాటు. అసలు కారణము నాటకపు కట్టడిలో నున్నది. తెర లేచినది మొదలు గిరీశము మనతో మాటలాడును. తనకు అప్పులెన్నియో, తాను ఎవరిని ఎట్లు బుట్టలో వేయదలచెనో, లోపల ఎంత భయపడుచున్నాడో, పైకి ఎంత బింకము చూపవలెనో – రంగముమీద నున్న యే పాత్రకును చెప్పని రహస్యములను ప్రేక్షకునకు చెప్పును. రహస్యము చెప్పినవానిని ఒప్పగించుట మనుష్యస్వభావము కాదు. అతడు మంచముక్రింద దూరినప్పుడు, పట్టుబడునేమో యని గుండె కొట్టుకొనునది అతనికి కాదు, చూచువారికి. సౌజన్యారావు మనతో ఏ రహస్యమును చెప్పడు. చెప్పుటకు ఆయనయొద్ద లేదు. కనుక ఆయన మర్యాదను మాత్రము పొంది వెడలిపోవును.

మరి బుచ్చమ్మ? ఆమె ముసలివరునకు అమ్ముడై, తాళి తెగి, పుట్టింట అరవచాకిరి చేయుచున్న పిల్ల. నాటకమున మోసపోయినవారిలో ఆమెవలె సర్వమును ఒడ్డినవారు లేరు. కడపట సౌజన్యారావు ఆమెను పూనాలోని విధవాశరణాలయమునకు పంపుటకు నిశ్చయించును. గిరీశము విసుగుతో ఒక్క మాట విసరి తప్పుకొనగా పందిరి నవ్వులతో ప్రతిధ్వనించును. ఆ నవ్వు చల్లారులోపల, తెరవెనుక దూరదేశమునకు ప్రయాణమగుచున్న ఆ చిన్నదానిని తలచువారెందరు? ఆమె ప్రేక్షకులవైపు తిరిగి తన గోడు చెప్పుకొన్నది కాదు. తక్కువ మాటలాడినదానికి తక్కువ జాలి దక్కెను. గురజాడవారు ఇది యెరుగక చేసినవారు కారు. నవ్వుచున్నవాడు ఎవరి ఖర్చుమీద నవ్వుచున్నాడో ఇంటికి పోయినపిమ్మట లెక్క చూచుకొనవలెనని ఆ కవి పన్నిన పన్నాగముగా తోచును.

దుర్యోధనునకును ఇదే న్యాయము వర్తించినది. భాసుని ఊరుభంగమునందే అతడు తొడలు విరిగి పడి, పగవిడచి, ఉదాత్తముగా ప్రాణము వీడును. తెలుగు రంగమున బళ్లారి రాఘవ (1880–1946) వంటి మహానటులు ఆ పాత్రకు రాజసమిచ్చిరి. ఇక 1977లో దానవీరశూరకర్ణ చిత్రమున తారకరామారావుగారు కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మువ్వురును తామే యయిరి. కృష్ణుడై పూజలందుకొన్న ముఖమే దుర్యోధనుడై నిలువగా, కొండవీటి వేంకటకవిగారి సంభాషణలు ఊరూర మారుమ్రోగెను. మయసభలో పరాభవమునొంది ఒంటరిగా నిలిచి రగులుచున్న సుయోధనుని ఆ దీర్ఘస్వగతము నోటికి రాని యువకుడు ఒకప్పుడు లేడు. అందు తప్పు లేదు. అభిమానధనుని గుండెకోత వినుట మంచిదే. కాని ద్రౌపదిని సభకీడ్చిన ఘట్టమునకు వచ్చునప్పటికి, ఆమె పరాభవమునకు కావలసిన కన్నీరు అంతకుముందే వేరొకచోట ఖర్చైపోయినచో, అది విచారింపదగిన సంగతి.

పాత్రను నటునకు అంటగట్టుట వేరొక వింత. సూర్యకాంతమ్మగారి గయ్యాళి అత్తను చూచి, ఆడపిల్లకు ఆ పేరు పెట్టుటకే తల్లులు జంకిరని లోకవాడుక. 1963లో లవకుశ వచ్చినప్పుడు బండ్లు కట్టుకొని పోయి చూచిన పల్లెప్రజలకు అంజలీదేవిగారు సీతమ్మయే. చదువుకొన్నవారు దీనిని అజ్ఞానమందురు. వారు భవభూతి ఉత్తరరామచరితమును ఒకమారు తిరుగవేయుట మంచిది. అందు మొదటి అంకమున సీతారామలక్ష్మణులు తమ కథనే చిత్రపటములలో చూతురు. శూర్పణఖ బొమ్మ కంటబడగానే సీత బెదరిపోవును. ఇది చిత్రమే సుమా యని రాముడు ఊరడించును. ఏడవ అంకమునకు వచ్చునప్పటికి వాల్మీకి ఆడించిన నాటకము చూచుచు ఆ రాముడే తాళలేక సీతను కేకవేసి పిలుచును. అన్నా, ఇది నాటకమని లక్ష్మణుడు జ్ఞప్తిచేయవలసివచ్చును. రామునకు తప్పని పరవశత బండి కట్టుకొని వచ్చినవానికి తప్పునా?

పరవశత కన్నీటితో ముగిసినంతవరకు చిక్కు లేదు. నవ్వుతో ముడిపడినప్పుడే చిక్కు వచ్చును. కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) వరవిక్రయమున కట్నమును, మధుసేవలో త్రాగుడును ఖండించినట్లే, చింతామణిలో వేశ్యావ్యసనమువలన కొంపలు గూలుటను చూపిరి. బిల్వమంగళుని కథ దానికి మూలము. స్థానం నరసింహారావుగారు (1902–1971) చింతామణి వేషమున జనులను ముగ్ధులను చేసిరి. అందు సుబ్బిశెట్టి అను వర్తకుడు వ్యసనమునకు లోబడి ఆస్తి పోగొట్టుకొనువారిలో ఒకడు. నాటకము ఊరూరు తిరిగినకొలది ఆ పాత్రకు చప్పట్లు హెచ్చెను; చప్పట్లు హెచ్చినకొలది నటులు సొంతమాటలు చేర్చిరి; చేర్చినవి మొరటువై, వెగటువై, తుదకు ఒక మనుష్యుని వ్యసనమును విడిచి ఒక కులపు రూపమును, నడతను వెక్కిరించునంతకు వచ్చెను. ఆర్యవైశ్యులు చిరకాలము అభ్యంతరము తెలిపిరి. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ నాటకప్రదర్శనను నిషేధించెను. నటుల జీవనము పోవునని, కవి చేయని తప్పునకు నాటకమును దండించుట తగదని పలువురు వాదించిరి, వివాదము ఉన్నతన్యాయస్థానమునకెక్కెను.

ఇరుపక్షములను త్రాసులో వేసి చూడవలెను. వెనుకవరుసలో కూర్చుండి, తన కులపు పేరు వినబడినప్పుడెల్ల చుట్టుప్రక్కలవారు తనవైపు తిరిగి నవ్వుచుండగా తలవంచుకొన్న పిల్లవాని బాధ చిన్నది కాదు. ఆ బాధను చెప్పుటకు రంగముపై అతని పక్షమున ఒక్క పాత్రయు లేదు. విరూపాక్షుని ఫిర్యాదు ఇదియే. గ్రామకరణము పదవి 1984లో రద్దైనను, కథలలో కరణము నేటికిని దొంగలెక్కలే వ్రాయుచున్నాడు; కాని అధికారము చేతనున్నవానిని వెక్కిరించుటకును, ఇంటిపేరుతోపాటు పుట్టుకను వెక్కిరించుటకును భేదము కలదు. అట్లని ఇంద్రుని దండముతోడను తగవు తీరలేదను మాట మరువరాదు. అచ్చుపుస్తకములోని సుబ్బిశెట్టి వేరు, పందిరిలో పెరిగిన సుబ్బిశెట్టి వేరు. సమాజములవారిని పిలిచి, కవి వ్రాసిన మాటలకే కట్టుబడియుండుడని కట్టడిచేసియున్నచో, పితామహుని మార్గము అనుసరించినట్లయ్యెడిది.

నటులును నాట్యశాస్త్రపు కడపటి అధ్యాయమును చదువవలసియున్నది. భరతుని కుమారులు విద్యాగర్వమున హాస్యములు కట్టి ఋషులను వెక్కిరించిరి. ఋషులు వారిని శపించిరి. నాట్యవేదమే నశించునంత ప్రమాదము కలుగగా దేవతలు నడుమవచ్చి ఋషులను ప్రార్థింపవలసివచ్చెను. మొదటి అధ్యాయమున నటులను కాపాడిన గ్రంథమే తుది అధ్యాయమున నటుల గర్వమును దాచక చెప్పినది. ప్రేక్షకుల కోపమన్నియు అన్యాయమనియు అనలేదు, న్యాయమనియు అనలేదు.

పందిరిలో కూర్చున్నవానికి ఇంత విచారించు తీరిక లేదు. నవ్వు వచ్చునప్పుడు నవ్వవలసినదే. పుస్తకము చేతపట్టినవానికి ఆ వెసులుబాటు కలదు. వెనుకకు త్రిప్పి చూడవచ్చును, నడుమ ఆగవచ్చును. కన్యాశుల్కము చదువువారు గిరీశమును కాసేపు ప్రక్కకు నెట్టి, బుచ్చమ్మ పలికిన మాటలను మాత్రము ఏరి గట్టిగా చదివి చూడవచ్చును. ఒక ఝాము కూడ పట్టదు. చింతామణి చదువువారు సుబ్బిశెట్టి సంభాషణలను అచ్చులో చూచి, తాము పందిళ్లలో వినినవి అందెన్ని కలవో లెక్కించుకొనవచ్చును. రెండు పుస్తకములును ఈ గ్రంథాలయపు నాటకముల బీరువాలోనే యున్నవి.