పంటికి పొన్ను

రోకటిపోటు నేడు మన యిండ్లలో అరుదైనను, రోకలి చివర ఇనుప పొన్ను ఎందుకు వేయుదురో ఎరిగినవారు ఇంకను ఎందరో కలరు. దెబ్బపై దెబ్బ పడునపుడు కొయ్య నిలువునా చీలిపోకుండ ఆ పొన్ను దానిని చుట్టి పట్టియుంచును. బలహీనమైన పంటికి దంతవైద్యులు అమర్చు తొడుగు చేయు పనియు ఇదియే. వాడుకలో క్యాప్ అని పిలువబడు ఈ తొడుగు పంటిని ఎట్లు కాపాడునో, ఏ పంటికి అవసరమో, ఏ పంటికి అక్కరలేదో నేటి ప్రసంగమున తెలిసికొందము.

ముందుగా పంటి నిర్మాణమును చూతము. చిగురుకు పైన కనబడు భాగమును ఎనామెల్ అను తెల్లని పొర కప్పియుండును. మన శరీరములో ఇంతకన్న గట్టి పదార్థము మరియొకటి లేదు. దాని క్రింద డెంటీన్ అను లేతపసుపు పొర, నడుమ నరములును రక్తనాళములును గల మెత్తని గుజ్జు ఉండును. ఎముక విరిగినచో అతుకుకొనును. చర్మము తెగినచో మానును. ఎనామెల్‌కు ఆ భాగ్యము లేదు. దానిని నిర్మించిన కణములు పన్ను నోటిలోనికి వచ్చుసరికే నశించును. కనుక పోయిన ఎనామెల్ తిరిగి రాదు.

పిప్పి చిన్నదైనచో శుభ్రపరచి పూడ్చిన చాలును. అది లోతునకు దిగి గుజ్జు చెడినపుడు, వైద్యులు ఆ గుజ్జును తీసివేసి, వేళ్లలోని నాళములను శుభ్రము చేసి మూసివేయుదురు. ఇదియే రూట్ కెనాల్ చికిత్స. దీనితో బాధ తీరును. చిక్కు ఇచ్చటనే యున్నది. బాధ తీరగానే పని ముగిసినదని తలచి, తొడుగు వేయించుకొనక ఊరకుండువారు అనేకులు. అప్పటికే పంటిలో కొంత భాగమును పిప్పి తినివేసినది; చికిత్సకు దారి చేయుటలో మరికొంత పోయినది. మిగిలినవి పలుచని గోడలు. నమలునపుడు దవడపండ్లపై పడు బలము ఆ గోడలను వెలుపలికి త్రోయుచుండును. నెలల తరబడి ఏమియు తెలియదు. ఒకనాడు అన్నములో రాయియో, వక్కముక్కయో తగిలి పన్ను చీలును. చీలిక వేరులోనికి నిలువుగా దిగినచో ఆ పంటిని తీసివేయుట తప్ప సాధారణముగా వేరు దారి ఉండదు.

తొడుగు ఆ గోడలన్నిటిని ఒకే కట్టులో బిగించి, ఒత్తిడిని పంటి అంతటికిని పంచును. అయితే పొన్ను నిలుచుటకు కొయ్య ఉండవలెను గదా! చిగురుకు పైన చుట్టును దాదాపు 2 మిల్లీమీటర్ల ఎత్తున గట్టి పన్ను మిగిలియుండుట మేలని వైద్యులు చెప్పుదురు. ఆలస్యము చేయరాదనుటకు ఇదియే కారణము.

తొడుగు అమర్చుటకు పంటిని అన్ని వైపుల నుండి ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర అరుగదీయుదురు. పిదప అచ్చు తీసి, లేదా కెమెరా వంటి పరికరముతో పంటి రూపమును గ్రహించి, దానికి సరిపోవునట్లు తొడుగును చేయింతురు. అది సిద్ధమగువరకు తాత్కాలికముగా మరియొక తొడుగు ఉంచుదురు. ఎదుటి పంటితో కాటు సరిపోయినదో లేదో చూచిన పిమ్మటనే దానిని అతికింతురు.

1907లో అమెరికా దేశపు దంతవైద్యుడు విలియం టాగర్ట్, మైనపు నమూనాను కరగించి ఆ ఖాళీలో బంగారము పోయు పద్ధతిని దంతవైద్యమునకు అనువుగా మలచెను. పంచలోహ విగ్రహములు పోతపోయు మన శిల్పులకు ఈ ఉపాయము చిరపరిచితము. నేడు లోహముపై పింగాణీ పూత గలవియు, జిర్కోనియా అను దృఢమైన తెల్లని పదార్థముతో చేసినవియు విరివిగా వాడుకలో నున్నవి. పసిపిల్లల పాలదవడపండ్లకు సిద్ధముగా దొరకు స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగులు చాలును. ఎట్లును ఊడిపోవు పాలపండ్లే గదా యని ఉపేక్షింపరాదు; వాటిలో కొన్ని పది పన్నెండేండ్ల వయసు వరకు పనిచేయవలసినవి.

ఇక రెండు హెచ్చరికలు. తొడుగునకు పిప్పి పట్టదు కాని, దాని అంచు క్రింద నున్న పంటికి పట్టును. గుజ్జు తీసిన పంటిలో నొప్పి తెలియదు గనుక అచ్చట పిప్పి చాటుగా పెరుగును. కనుక చిగురు అంచును, పంటికిని పంటికిని నడుమ సందును ప్రతిదినము శుభ్రపరచవలెను. రాత్రి నిద్రలో పండ్లు కొరుకువారు ఆ సంగతి వైద్యునికి ముందుగనే తెలుపవలెను.

రెండవది, కేవలము తెల్లదనము కొరకు ఆరోగ్యమైన పంటిని అరుగదీయించుకొని తొడుగు వేయించుకొనుట. అరుగదీసిన ఎనామెల్ తిరిగి రాదు. తొడుగు కూడ శాశ్వతము కాదు. పదేండ్లకో, అంతకన్న ఎక్కువ కాలమునకో దానిని మార్చవలసి రావచ్చును. చాలవరకు గట్టిగా మిగిలిన ముందుపంటికి రూట్ కెనాల్ జరిగినను తొడుగు అవసరము కాకపోవచ్చును.

కాబట్టి తొడుగు వేయవలెనని వైద్యుడు చెప్పినపుడు మనము అడుగదగిన ప్రశ్నలు రెండు: ఈ పంటిలో గట్టి భాగము ఎంత మిగిలినది? తొడుగు లేకున్న దీనికి కలుగు ప్రమాదమేమి? సమాధానము తృప్తికరముగా నున్నచో వాయిదా వేయక ఆ పని చేయించుకొందము. తీయించుకొన్న పంటి చోట ఏది పెట్టించుకొన్నను, పుట్టిన పన్ను పుట్టిన పన్నే.