తెరమీఁది ప్రయాణము - తలత్రిప్పు

ఆ మధ్య మా మనుమఁడు నన్నుఁ బట్టణమునకుఁ గొనిపోయి, కుర్చీలు కదలెడు చలనచిత్రశాలలోఁ గూర్చుండఁబెట్టెను. తెరపై విమానము లోయలోనికి దిగెను. నాకుఁ జెమటలు పట్టినవి. కడుపులో వికార మాయెను. "ముసలితనము, తాతా!" యని వాఁడు నవ్వెను. నేనును సిగ్గుపడితిని.

అది వార్ధక్యదోషము గాదని పిదపఁ దెలిసినది. మన చెవిలోపల ద్రవముతో నిండిన మూఁడు వంపుగొట్టములు గలవు. తల తిరిగినపుడు ఆ ద్రవము చలించి మెదడునకు వార్త నంపును. తెరయెదుటఁ గన్ను "పోవుచున్నాము" అనును. చెవి "ఇచటనే యున్నాము" అనును. ఈ సాక్షుల వైరుధ్యమే వికారమునకు హేతువని శాస్త్రజ్ఞులలోఁ బ్రబలమగు మతము. కుర్చీ కొంత యూఁగినను తెరమీఁది వేగమునకు సరిపోదు గదా!

అమెరికా నౌకాదళమువారు హెలికాప్టరు నడుపుట నేర్పుటకై నేలపై నుంచిన కృత్రిమయంత్రమున నిట్టి బాధ కలుగుచున్నదని 1957లోనే పరిశోధకులు వ్రాసిరి. వింత యేమనఁగా, శిష్యులకంటె ఆకాశమునఁ జిరకాల మెగిరిన గురువులకే బాధ యధికము! నిజమగు చలన మెఱిఁగిన దేహము కావున లోపమును వెంటనే పట్టెను గాఁబోలు. ఈ మాట మనుమనికిఁ దప్పక చెప్పితిని.

వెనుక వరుసలోఁ గూర్చుండుట, వికారము తోఁచినపుడు కన్నులు మూసికొనుట మేలు. ఈ మైకము కొందఱికిఁ గొన్ని గంటల వఱకు నుండును. నాఁడు వాఁడు నన్ను మోటారుసైకిలుపై నింటికిఁ గొనిపోవుదుననెను. మెట్లు దిగునపుడు వాని కాళ్లును దూలుచుండుటఁ జూచి, బండి నచటనే యుంచి బస్సులో వచ్చితిమి.