కొలువులో రైలింజను

బొమ్మల కొలువులో దశావతారాల పక్కనే కీ ఇచ్చే రైలింజను, లావుపాటి చెట్టియారు దంపతులు, సముద్రపు గవ్వలు, అమెరికా మనవడు తెచ్చిన డైనోసారు కొలువుదీరుతాయి. ఎవరూ అభ్యంతరపెట్టరు. మెట్లెక్కిన ప్రతిదానికీ హారతి దక్కుతుంది. ఇంట్లో పోగైన వస్తువులతో ఇంత స్వేచ్ఛగా, ఇంత సరదాగా కట్టుకునే పూజాపీఠం తెలుగువాళ్లకు మరొకటి లేదు.

కోస్తాలో చాలా ఇళ్లలో సంక్రాంతికి, రాయలసీమ, తెలంగాణల్లో ఎక్కువగా దసరాకు పెడతారు. మెట్లు బేసి సంఖ్యలో ఉంటాయి: 3, 5, 7, 9. బల్లలు, ట్రంకుపెట్టెలు పేర్చి పైన తెల్లపంచె పరిస్తే చాలు.

అసలు ఆటంతా కింద, నేల మీద. అక్కడ ఇసుక పోసి ఊరు కడతారు. ముఖం చూసుకునే అద్దం చెరువవుతుంది. దాని అంచు కనపడకుండా ఇసుక ఎత్తితే గట్టు. ముందుగానే కొబ్బరి చిప్పల్లో చల్లిన ఆవాలు, మెంతులు మొలకెత్తి పచ్చని పొలాలవుతాయి. ఈ పని పూర్తిగా పిల్లలకే వదిలేయాలి.

కొండపల్లి బొమ్మ చేతిలోకి తీసుకుంటే దాని తేలిక తెలుస్తుంది. తెల్లపొణికి చెక్క అది. చేతులు, కాళ్లు విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. ఏటికొప్పాక లక్కపిడతలు అంకుడు కర్రవి. గిర్రున తిరిగే కర్రకు రంగు లక్క ఆనిస్తే, రాపిడి వేడికి కరిగి పట్టుకుంటుంది. అక్కడ సహజ రంగుల కోసం కృషిచేసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఏటా ఒక్క కొత్త బొమ్మయినా చేరాలన్నది ఆనవాయితీ.